చెప్పుల దగ్గర చోటు

మంగళవారం ఉదయం పదింటికి ఐదు నిమిషాలు ఉండగా మా పాస్టరుగారు ఫోను చేశారు. అప్పుడు నేను చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. ఈ రోజుల్లో ప్యాకెట్టు పప్పులో రాళ్లు ఉండవని పక్కింటి అమ్మాయి చెబుతుంది గాని, ఏరకుండా పొయ్యి మీద పెడితే నాకు అన్నం సహించదు. పాస్టరుగారు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లల కంటే చిన్నవాడు. వచ్చే ఆదివారం చర్చి వార్షికోత్సవమనీ, ఆదోని సంఘంలో ముప్ఫై ఏళ్లుగా విశ్వాసంలో స్థిరంగా నిలబడినందుకు నాకు శాలువా కప్పి జ్ఞాపిక ఇవ్వాలని పెద్దలు తీర్మానించారనీ చెప్పాడు. జ్ఞాపిక మీద చెక్కించడానికి ఒక సంఖ్య కావాలట. ఈ ముప్ఫై ఏళ్లలో నేను ఎన్ని ఆదివారాలు ఆరాధనకు రాలేదో చెబితే చాలునట.

ఆ లెక్క నా దగ్గర ఉంది. తొమ్మిది. రెండు కళ్ల ఆపరేషన్లకు నాలుగు, మా ఆయన పోయినప్పుడు మూడు, టైఫాయిడుకు రెండు. కరోనా కాలంలో చర్చి తలుపులే మూసేసిన ఆదివారాలను వేరే పేజీలో రాసుకున్నాను, అవి నా ఖాతాలోకి రావు గనుక. తొమ్మిది అనే మాట నోటి దాకా వచ్చింది. కాని చెప్పలేదు. పుస్తకం చూసి చెబుతానని ఫోను పెట్టేశాను. చూడాల్సిన అవసరం లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోయాను. ఏరిన పప్పునే మళ్లీ ఏరాను. వీధిలో పత్తి లారీ పోయి అరుగు మీద దూది పింజలు పడితే ఊడ్చాను, ఇంకో లారీ పోతే మళ్లీ ఊడ్చాను. మార్కెట్ యార్డుకు దగ్గర ఇల్లు, ఈ కాలంలో ఊడ్చడం అనేది అయిపోయే పని కాదు. మధ్యాహ్నం ఇనప్పెట్టె తెరిచి అడుగున ఉన్న రిజిస్టరు బయటికి తీశాను. అట్ట ఊడిపోయింది. ఎర్ర సిరా గోధుమ రంగుకు తిరిగింది. అది ఆదోని సంఘానిది కాదు, నలభై ఏడేళ్ల కిందటి ఎమ్మిగనూరు సంఘానిది. అందులో అక్షరాలు నావి. అందులో ఉన్న తప్పూ నాదే.

పెళ్లయ్యాక నేను కాపురానికి వెళ్లింది ఎమ్మిగనూరుకు. మా అత్త ఇల్లు మగ్గాల వీధిలో ఉండేది. వీధిలో నేతవాళ్లంతా హిందువులు, మేమొక్కళ్లమే చర్చికి పోయేవాళ్లం. ఆదివారం కూడా మగ్గాలు ఆగేవి కావు. మేము ఇంట్లో ప్రార్థన చేసుకుంటుంటే ఆమెన్‌కు ముందూ వెనకా మగ్గం దెబ్బలు పడుతూనే ఉండేవి. మా అత్త ఆ నేతవాళ్లకే కండెలు చుట్టి ఇచ్చేది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న కండెలకు నూలు చుట్టడం ఆమె పని. చదువు రాదు. రోజూ సాయంత్రం రాట్నం తిప్పుతూ నన్ను బైబిలులో ఒక అధ్యాయం చదవమనేది. నేను పని తొందరలో ఒక వచనం దాటేస్తే రాట్నం ఆగేది. ఏమీ అనేది కాదు, ఊరికే ఆపేది. నేను వెనక్కి పోయి ఆ వచనం చదివితే మళ్లీ తిరిగేది. బళ్లో అరవైమంది పిల్లలు నా కళ్లు చూసి వణికేవాళ్లు, ఇంట్లో నేను ఒక రాట్నానికి భయపడేదాన్ని.

ఇరవై ఐదేళ్ల వయసులో నన్ను చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శిని చేశారు. అంతకు ముందు ఆ చర్చిలో ఎవరు వచ్చినారు, ఎవరు రాలేదు అని రాసే అలవాటే లేదు. నాకది భరించరానిదిగా తోచింది. పొడుగు రిజిస్టరు కొని గీతలు గీసి, ప్రతి ఆదివారం మొదటి పాట అయిన వెంటనే పేర్లు పిలవడం మొదలుపెట్టాను. మొదటి పాట తర్వాత వచ్చినవాళ్లు రానట్టే లెక్క. ఎర్ర సిరాతో సున్నా. పెద్దలు చాలా సంతోషించారు. తడి జుట్టు ముడేసుకుంటూ, చంకలో పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు పరుగున వచ్చేవాళ్లు. ఆ పరుగు చూసి సంఘంలో భక్తి పెరిగిందని నేను నిజంగా నమ్మాను.

మాకు నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు భోజనం ఉంటుంది. దాన్ని మేము బల్ల అంటాం. ఒక రొట్టె ముక్క, ఒక చిన్న గిన్నెలో ద్రాక్షరసం. మనసులో ఎవరి మీదైనా తగాదా పెట్టుకుని బల్ల తీసుకోకూడదని మాలో గట్టి పట్టింపు. అందుకే నెల చివరి శనివారం ఊళ్లో రాజీలు ఎక్కువ జరిగేవి, మొదటి సోమవారానికి సగం రాజీలు చెడిపోయేవి. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. వరుసగా మూడు ఆదివారాలు రానివాళ్లకు ఆ నెల బల్ల ఇవ్వరు. అది పాతదే గాని, లెక్క లేక ఎవరూ పాటించలేదు. లెక్క నేను ఇచ్చాను.

గోనెగండ్ల దారిలో ఐదు మైళ్ల అవతలి పల్లె నుంచి ఒకామె నడిచి వచ్చేది. గోనెగండ్లక్క అనేవాళ్లం. ఒక రైతు ఇంట్లో పనికి ఉండేది. పేడ ఎత్తి, కొట్టం కడిగి, పశువులకు నీళ్లు పెట్టి బయలుదేరేసరికి పొద్దెక్కేది. చర్చికి చేరేసరికి ఒక్కోసారి పాస్టరుగారు ప్రసంగంలో ఉండేవారు. కాళ్లకు మట్టి ఉందని జంపఖానా మీదికి వచ్చేది కాదు. తలుపు దగ్గర, అందరూ చెప్పులు విడిచే చోట, గచ్చు మీద కూర్చునేది. గాలి తగులుతుందని మా అత్త కూడా అక్కడే కూర్చునేది. ఆ ఏడు జూన్‌లో తొలకరి బాగా పడి పొలం పనులు ముమ్మరంగా ఉన్నాయి. ఆమె వరుసగా మూడు ఆదివారాలు ప్రసంగం మధ్యలోనే వచ్చింది. మూడుసార్లూ నేను పేర్లు రాసుకునే నా బల్ల దగ్గర నుంచి తల తిప్పి చూశాను. మూడుసార్లూ సున్నా పెట్టాను.

జూలై మొదటి ఆదివారం బల్ల. ఇవ్వకూడని వాళ్ల పేర్లు చీటీ మీద రాసి సంఘపెద్ద చేతిలో పెట్టాను. ఆ రోజు ఒకే పేరు ఉంది. ఆయన రొట్టె పళ్లెం పట్టుకుని వరుసలన్నీ తిరిగి తలుపు దగ్గరికి వచ్చాడు. గోనెగండ్లక్క రెండు చేతులూ చాపింది. ఆయన చీటీ చూసుకుని ఆమెను దాటిపోయాడు. ఆ చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత కొంగు కిందికి పోయాయి. పక్కనే కూర్చున్న మా అత్త ఎదుటికి పళ్లెం వచ్చింది. మా అత్త చేతులు చాపలేదు. ఆయన ఒక క్షణం నిలబడి, గొంతు సవరించుకుని, ముందుకు పోయాడు.

మరుసటి వారం గోనెగండ్లక్క తలుపు దగ్గర కనిపించలేదు. ఆ తర్వాతా కనిపించలేదు. నేను ఎర్ర సున్నాలు పెట్టుకుంటూ పోయాను. మా అత్త మాత్రం ప్రతి ఆదివారం మొదటి పాటకు ముందే వచ్చి చెప్పుల దగ్గర కూర్చునేది. బల్ల ఉన్న ఆదివారం పళ్లెం వస్తే తల దించుకునేది. జూలై నుంచి మే దాకా పదకొండు నెలలు. నేను పదకొండుసార్లూ తీసుకున్నాను. మా అత్త పేరు పక్కన 'బల్ల తీసుకోలేదు' అని పదకొండుసార్లు రాశాను కూడా. సొంత అత్త అని విడిచిపెట్టలేదు చూశారా అని పెద్దలు మెచ్చుకున్నారు.

చిన్న ఊరు, మాటలు ఊరుకుంటాయా. ఆమెలో ఏదో దాచిన పాపం ఉందన్నారు. వీధిలో అమ్మవారికి మొక్కుకుందన్నారు. ఒక మధ్యాహ్నం ఇద్దరు పెద్దలు ఇంటికే వచ్చి, టీ తాగి, సంగతేమిటని అడిగారు. మా అత్త రాట్నం ఆపకుండా, ఇంట్లో ఒక పని తెగలేదని, తెగినాక తింటానని చెప్పింది. ఏ పని అంటే చెప్పలేదు. కార్యదర్శి ఇంట్లోనే ఇలా జరగడం నాకు తలవంపుగా ఉంది. రాత్రింబగళ్లు ఆలోచించి, అది పక్కింటి మేక తగాదా అని తేల్చుకున్నాను. ఆ మేక మా గంజి తాగి, ఎండకు పెట్టిన నూలు చిలప నమిలేసింది. ఆ తర్వాత మా అత్తకూ ఆ ఇంటామెకూ నాలుగు మాటలయ్యాయి. నేను ఒక సాయంత్రం అరటిపళ్లు తీసుకుని పోయి, మా అత్త తరఫున ఆమెకు క్షమాపణ చెప్పి, ఆమె దగ్గరా చెప్పించుకుని, ఇంటికి వచ్చి రాజీ అయిందని ప్రకటించాను. మా అత్త దగ్గు వచ్చేంతగా నవ్వింది. ఆ మేకను పోయిన దసరాకే కోసేశారంది. మరుసటి నెల కూడా పళ్లెం ఆమెను దాటిపోయింది.

మే నెల బల్ల అయిన రెండో రోజు నేను ఇక ఆగలేకపోయాను. ఎండాకాలం సెలవులు. బయట వడగాలి. నేను అధ్యాయం చదవడం ఆపేసి, నీ తగాదా ఎవరితోనో చెప్పు అత్తా, కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను అన్నాను. మా అత్త రాట్నం ఆపింది.

"నీ పుస్తకం తీస్కరాపో అమ్మీ. గోనెగండ్లామె పేరు తియ్యి. పోయినేడు జూన్‌ది సదువు" అంది.

చదివాను. మూడు సున్నాలు.

"ఆ మూడు వారాలూ ఆమె యాడ కూచుండె?"

"చెప్పుల కాడ."

"నువ్వు సూసినావా?"

"చూసినాను."

"సూసినావు గదా" అంది. అంతే. రాట్నం మళ్లీ తిరగడం మొదలైంది. నేను కట్టుబాటు గురించి చెప్పబోయాను. అందరికీ ఒకటే లెక్క ఉండాలని, లేకపోతే క్రమం ఉండదని. నా మాటలు నాకే బళ్లో పిల్లలకు చెప్పే మాటల్లా వినిపించాయి. చివరికి, అయినా ఆమె ఆ తర్వాత రావడమే మానేసింది కదా, విశ్వాసం ఉన్న మనిషి అంతమాత్రానికే మానేస్తుందా అన్నాను. మా అత్త నా వైపు చూసి, వచ్చే ఆదివారం పేర్లు ఇంకెవరినైనా పిలవమను, నువ్వు నా పక్కన కూర్చో అని చెప్పింది.

ఆ ఆదివారం నేను మొదటిసారి చెప్పుల దగ్గర కూర్చున్నాను. కార్యదర్శి బల్ల దగ్గర నుంచి చూస్తే పాస్టరుగారూ వరుసలూ కనిపిస్తాయి. తలుపు దగ్గర నుంచి చూస్తే ప్రహరీ కనిపిస్తుంది. ఆ ప్రహరీ నడుము ఎత్తే. దాని అవతల ఒక సోడా బండి, బండి నీడలో ఒక మనిషి. తల మీద కొంగు కప్పుకుని నిలబడి ఉంది. లోపల మేము పాడుతున్న పాటకు ఆమె పెదవులు కదులుతున్నాయి. అంత దూరం నుంచి కూడా ఒక్క మాట తప్పు పోలేదని నాకు తెలిసింది. మా అత్త నా మోకాలి మీద వేలితో పొడిచి, పోయిన జూలై నుంచి వానకూ ఎండకూ అక్కడే ఉంటుందని, ఆశీర్వాదం అయినాక నడిచి పోతుందని చెవిలో చెప్పింది. నా రిజిస్టరులో ఆమెకు నలభైకి పైగా సున్నాలున్నాయి.

నేను లేచాను. పాట మధ్యలో లేచి బయటికి పోయిన కార్యదర్శిని ఆ సంఘం అంతకు ముందు చూసి ఉండదు. చెప్పులు కూడా వేసుకోలేదు, కాళ్లు కాలాయి. నన్ను చూసి గోనెగండ్లక్క భయపడి బండి వెనక్కి జరిగింది.

"లోపలికి పోమ్మా, పాట అయిపోతాది. నీకు ఆబ్సెంటు పడతాది" అంది.

ఎత్తిపొడవడం ఆమెకు తెలియదు. నిజంగానే నా కోసం కంగారుపడింది. నేను నిన్ను చూసినాను అక్కా, చూసి కూడా రాలేదని రాసినాను, అని మాత్రం అన్నాను.

"సూసినావని తెలుసులేమ్మా. నేనూ నిన్ను సూస్తాంటి గదా" అంది. మరి ఎందుకు అడగలేదంటే, "నేను ఆలస్యంగా వచ్చిండేది నిజమే గదా" అంది.

నలభై ఏడేళ్లుగా ఈ మాటకు జవాబు వెతుకుతున్నాను. నా పక్షాన చెప్పుకోవడానికి నాకున్న ఒక్క ఆధారాన్నీ ఆమె తనంతట తానే నా చేతిలో పెట్టేసింది. దానితో నేనేం చేసుకోవాలి? చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. రానంటే రానంది, సోడా బండాయన కూడా పోవమ్మా పో అని కసురుకున్నాక వచ్చింది. పెద్దలకు నా తప్పు ఆ రోజే చెప్పాను. జూన్ మొదటి ఆదివారం పళ్లెం తలుపు దగ్గరికి వచ్చినప్పుడు నాలుగు చేతులు చాచి ఉన్నాయి. మా అత్త రొట్టె ముక్కను చాలాసేపు నమిలింది.

నేను మాత్రం ఆ రోజు తీసుకోలేదు. నేనూ పదకొండు నెలలు మానేస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నాను. ఇంటికి వచ్చాక మా అత్త నన్ను కోప్పడింది, నాకు గుర్తుండి అదొక్కసారే. "మళ్లీ లెక్కనే? నీకు తినమని ఇచ్చేది ఆ ప్రభువు. పద్దు రాసుకునేదానికి నువ్వెవరు? వచ్చే నెల నోరు మూసుకోని తిను" అంది. నోరు మూసుకుని ఎలా తింటారని అడిగే ధైర్యం లేకపోయింది. రిజిస్టరులో ఆ సున్నాలు దిద్దుతానంటే అదీ ఒప్పుకోలేదు. అట్లే పెట్టుకో, అప్పుడప్పుడు చూసుకో అంది. పెట్టుకున్నాను.

ఇప్పుడు ఈ మంగళవారం సంగతికి వస్తాను. నాకు మోకాళ్లు పట్టేసి రెండేళ్లా మూడు నెలలయింది. చర్చికి నడవలేను. మా వీధికి వచ్చే షేర్ ఆటో మిగతా అందరినీ ఎక్కించుకుని నా దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యమే. నేను పోయేసరికి మొదటి పాట అయిపోయి ఉంటుంది. మెట్లెక్కి ముందుకు పోలేక, తలుపు దగ్గర, చెప్పుల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను. ఇలా నూట పదిహేడు ఆదివారాలు. నా పాత కట్టుబాటు ప్రకారం ఇవన్నీ సున్నాలే. తొమ్మిదికి కలిపితే నూట ఇరవై ఆరు. గోనెగండ్లక్కకు ఒక లెక్క, నాకు ఒక లెక్కా?

బుధవారం పాస్టరుగారికి ఫోను చేసి నూట ఇరవై ఆరు అని చెప్పాను. ఆయన నమ్మలేదు. వివరించాను. తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. "అమ్మగారూ, మీ తగ్గింపు చూసి మేమంతా నేర్చుకోవాలి. సంఖ్య వద్దులెండి. 'వినయశీలి' అని చెక్కిద్దాం" అన్నారు. వద్దు బాబూ, ఇది వినయం కాదు, కూడిక అన్నాను. ఆయన ఇంకా మురిసిపోయాడు. నేను వద్దన్న కొద్దీ ఆ జ్ఞాపిక మీద అక్షరాలు పెరిగేలా ఉన్నాయని ఊరుకున్నాను.

గురువారం, శుక్రవారం ఇంట్లో పని లేని గది లేదు. పాత చీరలు మడతలు విప్పి మళ్లీ మడిచాను. ఒక మనిషిని ప్రహరీ అవతల నిలబెట్టిన దాన్ని, వినయానికని శాలువా కప్పించుకుని ఎలా నిలబడను? నిలబడనంటే అదీ ఒక గొప్పే అవుతుంది. లేచి అందరి ముందూ ఈ కథంతా చెబుదామా అనుకున్నాను. చెబితే ఏడుస్తారు, చప్పట్లు కొడతారు, నా సాక్ష్యం బాగుందంటారు. మా అత్త పదకొండు నెలలు ఊరంతా వేలెత్తి చూపినా నా పేరు బయటపెట్టలేదు. ఆమె ఉండి ఉంటే ఏం చేసేదో తోచలేదు. రాట్నం ఆపేదేమో.

ఆదివారం సన్మానం మొదటి పాటకు ముందే. ఆశ్చర్యంగా ఆటో ఆ రోజు ఎనిమిదిన్నరకే వచ్చి నిలబడింది. ఆటో అబ్బాయి నా పాత విద్యార్థి కొడుకు, నమాజుకు తప్పని మనిషి.

"టీచరమ్మా, నీకు శాలువా అంట గదా. అందుకే ఫస్టు నీ కాడికే తెచ్చినా. ఎక్కు."

"నీకెవరు చెప్పినారప్పా?"

"ఆదోనిలో ఏమి దాగుతాదమ్మా."

ఒక కాలు ఆటోలో పెట్టాను. మళ్లీ తీశాను. మిగతావాళ్లను ఎక్కించుకుని ఎప్పుడూ వచ్చే వేళకే రమ్మని చెప్పాను. లేటయితాది గదా అన్నాడు. అవుతుందిలే అన్నాను. ఈ ముసలామెకు ఏమో అయిందన్నట్టు చూసి వెళ్లిపోయాడు. అరుగు మీద కూర్చున్నాను. వారం రోజుల్లో నేను కదలకుండా కూర్చుంది అప్పుడే. ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

నేను చేరేసరికి మొదటి పాట అయిపోయింది. కుర్చీ దాని చోట ఉంది. కూర్చున్నాను. ఇప్పటి స్త్రీల సమాజం కార్యదర్శి బట్టల కొట్లో పనిచేసే అమ్మాయి, హాజరు ఫోనులోనే వేసుకుంటుంది. వంగి వంగి నా దగ్గరికి వచ్చింది.

"అవ్వా, యాడుంటివి? నీ పేరు రెండుసార్లు పిలిచినారు. శాలువా ఆడ టేబులు మీదే పెట్టినారు."

ఆలస్యమైంది, రాలేదని రాసుకో అన్నాను. ఆ పిల్ల నేనేదో పరాచికం ఆడానన్నట్టు నవ్వింది.

"వచ్చినావు గదా అవ్వా" అని ఫోను మీద వేలితో ఒక్క తాకు తాకి వెళ్లిపోయింది.

అంత తేలిక పని అది. కొత్త నెలలో మొదటి ఆదివారం కావడం వల్ల ఆ రోజు బల్ల కూడా ఉంది. పళ్లెం వరుసలన్నీ తిరిగి చివరికి తలుపు దగ్గరికి వచ్చింది. తెచ్చినాయన చేతిలో చీటీ ఏమీ లేదు. నేను రెండు చేతులూ చాపాను. ఆరాధన అయినాక పాస్టరుగారు శాలువా పట్టుకుని వస్తే, ఆ కుర్చీ మీద పరిచి ఉంచమన్నాను, తలుపు దగ్గర గాలి తగులుతుంది, ఆలస్యంగా వచ్చే ఏ ముసలివాళ్లకైనా పనికొస్తుందని. జ్ఞాపిక ఆయన బీరువాలోనే ఉంది. వచ్చే వారం ఇస్తానంటున్నాడు, వచ్చే వారం కూడా ఆటో ఆలస్యంగానే వస్తుందని చెప్పాను.

ఇరవై ఐదేళ్ల వయసులో నేను మొదటి పాట దగ్గర ఒక గీత గీశాను. ఆ గీత అక్కడే ఉండిపోయింది, కాలమే తొందర లేకుండా నడుచుకుంటూ వచ్చి, నన్ను కూడా తీసుకొచ్చి దానికి అవతల, చెప్పుల దగ్గర కూర్చోబెట్టింది.